ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చిన రేపల్లె ప్యాసింజరు

మా వియ్యంకుడుగారు పోయారన్న కబురు ఆయన ఫోను నుంచే వచ్చింది. అందుకే ముందు నమ్మలేదు.

ఉదయం ఆరున్నరకి తెర మీద ఆయన పేరు చూసి, "ఏంటండీ అన్నయ్యగారూ, పొద్దున్నే ఎవరి తప్పు దొరికింది?" అన్నాను. అవతల ఉన్నది మా వదినగారు, ఆయన భార్య.

"ఆయన లేరండి వదినగారూ" అంది.

"లేకపోవడమేంటి, ఇంత పొద్దున్నే ఎక్కడికెళ్ళారు?" అన్నాను.

'లేరు' అన్న ఆ మాట అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఏడవాల్సింది పోయి ప్రశ్నలు మొదలుపెట్టాను. ఎన్నింటికి లేచారు, టీ తాగారా, ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ముందు చూశారు, డాక్టరు ఎప్పుడొచ్చాడు. పాపం ఆవిడ ఒక్కోదానికీ "అవునండి", "లేదండి" అంటూ జవాబు చెప్పింది. ఐదు గంటల టీ తాగి, బల్ల దగ్గర కూర్చుని, పెన్సిలు చెక్కుకుంటూ పక్కకి ఒరిగిపోయారట.

"గుండె ఆగిందన్నారండి."

"ఎందుకు ఆగిందట?"

"ఎందుకో చెప్పలేదండి."

ఫోను పెట్టేశాను. ఎందుకో చెప్పకుండా ఆగిపోవడాన్ని ఆ మనిషి బతికున్నన్నాళ్ళూ ఒప్పుకోలేదు.

మా అమ్మాయి మామగారాయన. చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేసి, రిటైరయ్యాక రేపల్లెలో స్థిరపడ్డారు. నేను తెనాలిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పరీక్షల రోజుల్లో స్క్వాడ్‌లో కూడా తిరిగేదాన్ని. అంటే చెప్పాపెట్టకుండా పరీక్ష హాల్లోకి వెళ్ళి, కాపీ కొట్టేవాళ్ళని పట్టుకునే పని. ఉద్యోగం వదిలినా ఆ చూపు నన్ను వదల్లేదు. కూరగాయలమ్మే మనిషి తనంతట తను కరివేపాకు రెండు రెమ్మలు ఎక్కువ వేసినా, ఎందుకు వేసిందా అని సంచీ తిరగేసి చూసే మనిషిని. ఈ నాలుగు మాటలూ ఆ సంగతి తెలిసి చదవండి.

మొన్న రేపల్లెలో ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టినప్పుడు పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను, మైకు కూడా అందుకున్నాను. ఏమీ చెప్పకుండానే కూర్చున్నాను. మా అమ్మాయి దుఃఖం అనుకుంది. దుఃఖం ఉంది, కాదనను. కానీ నోరు కట్టేసింది అది కాదు. అదేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన్ని మొట్టమొదటి రోజునే అనుమానించాను. పెళ్ళిచూపులకి మా ఇంటికొచ్చి, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. అమ్మాయి నచ్చలేదేమో, లేకపోతే ఇంకో ఇంట్లో ఇంకో అమ్మాయిని చూడటానికి వెళ్ళాలేమో అనుకున్నాను. కాఫీ ఇస్తూ అడిగేశాను కూడా.

"అబ్బే, అదేం లేదండి చెల్లెమ్మగారూ. మూడూ పన్నెండు బండి ఇంకా కూత వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదా అని" అన్నారు.

అది నిజమేనని ఆ సాయంత్రం స్టేషనుకి మనిషిని పంపి కనుక్కున్నాక నమ్మాను. బండి ఆ రోజు ఆలస్యమేనట.

ఆయన రిటైరయ్యాక కొన్నేళ్ళకి మా వదినగారు ఫోన్లో కొత్త ఫిర్యాదు మొదలుపెట్టింది. మా అమ్మాయి కూతురు ఇంటర్‌లో ఉండగా సెలవులకొచ్చి కంప్యూటరు ప్రోగ్రాములు నేర్చుకుంటుంటే ఈయన పక్కన కూర్చున్నారట. సెలవులైపోయి పిల్ల వెళ్ళిపోయింది. ఈయన మాత్రం లేవలేదట.

"రోజంతా అందులోనే తల పెట్టి కూర్చుంటున్నారండి. అడిగితే పోటీ అంటారు. ఈ వయసులో ఈయనకి పోటీ ఎవరండి?"

పేకాటో, షేర్లో అయ్యుంటుందని తేల్చుకున్నాను. తనిఖీకి చెప్పి వెళ్ళకూడదు. ఆ శనివారం పొద్దున్నే రేపల్లె బండి ఎక్కాను.

వెళ్ళేసరికి ఆయన చెవి మీద పెన్సిలు, బల్ల మీద పాత క్యాలెండరు కాగితాలు. వాటి వెనక వైపు నిండా రైలు పట్టాలు గీసి ఉన్నాయి. కంప్యూటరు తెర మీద ఎర్రగా ఒక ఇంగ్లీషు వాక్యం.

"ఏంటిది అన్నయ్యగారూ?"

"మెమరీ లిమిట్ దాటిందండి" అన్నారు, ఇంట్లో పాలు విరిగాయన్నంత మామూలుగా.

"అంటే?"

ఆయన కుర్చీ జరిపి నాకు చోటిచ్చారు. "చూడండి చెల్లెమ్మగారూ, మీ పరీక్షల్లో పిల్లలకి కాగితం అయిపోతే ఏం చేస్తారు?"

"ఎడిషనల్ అడుగుతారు. ఇస్తాం."

"ఇక్కడ ఎడిషనల్ ఇవ్వరు. అదే తేడా. లెక్క ఇస్తారు. దానికి ప్రోగ్రాము రాసి పంపాలి. అవతల మెషీను తన దగ్గరున్న రహస్య పరీక్షలన్నీ దాని మీద పెట్టి చూస్తుంది. ఇంత సేపట్లో తేల్చాలి, ఇంత చోటులో తేల్చాలి అని ముందే చెబుతుంది. ఆ చోటు దాటితే జవాబు ఒప్పయినా సరే, బయటికి పొమ్మంటుంది." క్యాలెండరు కాగితం మీద మూడు గీతలు గీశారు. "మూడు లైన్ల యార్డనుకోండి. వచ్చిన ప్రతి బండినీ నిలబెట్టుకుంటానంటే కుదుర్తుందా? ఉంచాల్సింది ఉంచి, పంపాల్సింది పంపెయ్యాలి. నాకేమో పంపెయ్యడం చేతకాదు. అన్నీ నిలబెట్టుకుంటాను. అందుకే ఎప్పుడూ ఇదే ఎర్ర గీత."

"మీ మనవరాలికి కూడా ఇదేనా?"

"దానిది వేరే జబ్బండి. రన్‌టైమ్ ఎర్రర్. అంటే బండి మధ్యలో పట్టాలు తప్పడం. యార్డు ఎంతుందో చూసుకోకుండా దూకుతుంది. మెషీను పట్టాలు తప్పిందనే అంటుంది గానీ ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో చెప్పదు. ఆ పరీక్ష ఏంటో కూడా చూపించదు. పట్టా వెంబడి మనమే నడిచి చూసుకోవాలి."

ఎందుకో చెప్పకుండా తప్పని తేల్చే పరీక్షాధికారిని నేను ఎక్కడా చూడలేదు. నాకు నచ్చింది. ఆ మాట ఆయనతో అనలేదు. వంటింట్లోకి వెళ్ళి, "పేకాట కాదులెండి, అంతకంటే పనికిమాలినదే" అని వదినగారికి చెప్పి, మధ్యాహ్నం బండికి తెనాలి వచ్చేశాను.

తరవాత నేను గమనించిన అలవాట్లు కొన్ని చెబుతాను. లెక్క చదివే ముందు దాని హద్దులు చదివేవారు. ఎన్ని అంకెలు వస్తాయి, ఎంత పెద్దవి వస్తాయి, ఎంత చోటుంది. "చోటు చూసుకుని పిలవాలండి, పిలిచాక చోటు చూసుకోకూడదు" అనేవారు. ప్రోగ్రాములో పేర్లు బోగీ, పట్టా, ఇంజను అని పెట్టేవారు. రెండు లక్షల అంకెలకి చోటు కావాలంటే దానికి పైన ఇంకో ఏడు కలిపేవారు. ఏడెందుకని అడిగితే, "ఇంజను నిలబడొద్దూ?" అనేవారు. ఈ పేర్లూ, ఈ ఏడూ పిల్లకీ అలవాటయ్యాయి. పిల్ల ఫోను చేసి ఎర్రరొచ్చింది తాతయ్యా అని ఏడిస్తే జవాబు చెప్పేవారు కాదు. "ఎక్కడిదాకా నడిచావ్?" అని అడిగేవారు. అంతే. అది ఎక్కడిదాకా నడిచిందో చెబితే, "ఇంకాస్త నడువు" అని పెట్టేసేవారు.

పిల్ల బాపట్లలో ఇంజనీరింగులో చేరింది. మా అమ్మాయీ అల్లుడూ చెరుకుపల్లిలో బడి పంతుళ్ళు. పిల్ల హాస్టల్లో ఉండేది. కాలేజీ తరఫున బయటి పోటీలకి వెళ్ళే జట్టుకి ముగ్గుర్ని ఎంపిక చెయ్యడానికి ఒక ఆదివారం పొద్దున పదింటికి పోటీ పెట్టారు. ఇంటర్నెట్‌లో పెట్టారు కాబట్టి బయటివాళ్ళు కూడా సరదాకి రాయొచ్చు, లెక్కలోకి మాత్రం రారు.

ఆ మధ్యాహ్నం వదినగారు ఫోను చేసింది. "ఒంట్లో బాలేదని ఇవాళ చర్చికి రాలేదండి మీ అన్నయ్యగారు. ఆరాధన అయ్యాక వచ్చి చూస్తే తలుపేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఒళ్ళు చల్లగానే ఉంది."

మా లూథరన్ కుటుంబాల్లో ఆదివారం మానేసే మగవాళ్ళు లేకపోలేదు. ఆయన మాత్రం వానలో కూడా గొడుగేసుకుని మొదటి గంటకే వెళ్ళి కూర్చునే మనిషి. ఆయన మానేశారంటే కారణం ఉండాలి.

మంగళవారం మనవరాలి ఫోను.

"అమ్మమ్మా, నేను కాపీ కొట్టానంటున్నారు."

"కొట్టావా?"

"అమ్మమ్మా!"

"అడగడం నా పని. చెప్పు."

చెప్పింది. అన్నిట్లోకీ కష్టమైన లెక్క మొత్తం పోటీలో ఇద్దరే చేశారట. ఒకటి ఇది. రెండోది ఎవరో బయటి మనిషి. పేరుకు బదులు 'రేపల్లె ప్యాసింజర్' అని పెట్టుకున్నాడు. రెండు ప్రోగ్రాములూ అచ్చు ఒకలాగే ఉన్నాయి. బోగీ, పట్టా, ఇంజను. రెండు లక్షల మీద ఏడు. పైగా దీనిది ఒప్పని తెర మీద పచ్చబడిన సరిగ్గా ఒక్క నిమిషానికి వాడిది పచ్చబడింది.

"ఆయన రాస్తున్నారని నీకు తెలుసా?"

"ఒట్టు అమ్మమ్మా, తెలీదు. ఆ పేరు చూడగానే ఇప్పుడు తెలిసింది. గురువారం కమిటీ ఉంది. తప్పని తేలిస్తే జట్టులోంచి తీసేస్తారు. ఏడాదిపాటు ఏ పోటీకీ పంపరు. ఇంట్లోంచి ఎవర్నన్నా తీసుకురమ్మన్నారు."

అల్లుడు వెళితే తండ్రి మీద మాట పడుతుందని పోట్లాడి వస్తాడు. అమ్మాయి వెళితే ఏడ్చి వస్తుంది. నేను వెళతానన్నాను. పిల్ల రాసినవీ, ఆయన రాసినవీ, ఒప్పులూ తప్పులూ అన్నీ పంపమని, జిరాక్స్ షాపులో అచ్చు తీయించుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని బుధవారం రేపల్లె వెళ్ళాను.

పిల్ల మీద అనుమానం లేదా అంటే, ఉంది. ఆయన మీదా? అంతకు రెట్టింపు ఉంది. మనవరాలు ఏడుస్తుంటే ఊరుకునే తాతలు తక్కువ.

"మీరేనా ఆ ప్యాసింజరు?"

"నేనేనండి."

"పిల్లకి జవాబు పంపారా?"

"లేదండి."

"పిల్ల మీకు పంపిందా?"

"లేదండి."

"మరి దాని తరవాత ఒక్క నిమిషానికి మీదెలా వచ్చింది?"

ఆయన పెన్సిలు చెవి మీంచి తీసి, మళ్ళీ చెవి మీద పెట్టుకున్నారు. "బండి ఆలస్యమైందండి" అన్నారు.

"నేను వేళాకోళానికి రాలేదు అన్నయ్యగారూ. పిల్ల చదువు సంగతి."

"తెలుసండి."

"అయితే చెప్పండి."

"ఆలస్యమైందండి. అంతే." లేచి వదినగారిని అల్లం టీ పెట్టమని చెప్పి, వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. హాల్ టిక్కెట్టు వెనక సూత్రాలు రాసుకొచ్చి, దొరికాక నోరు విప్పని పిల్లల్ని చూశాను. అచ్చు అలాగే ఉన్నారు.

సరే, మనిషి చెప్పకపోతే కాగితం చెబుతుంది. భోజనాల బల్ల మీద ఆ అచ్చుకాగితాలు పరిచాను.

స్క్వాడ్‌లో మాకు ముందు నేర్పేది ఒకటే. ఒప్పుల్ని పోల్చకూడదు. సరైన జవాబులన్నీ ఒకలాగే ఉంటాయి, అందులో వింతేమీ లేదు. పోల్చాల్సింది తప్పుల్ని. ఇద్దరు పిల్లలు ఒకే చోట ఒకే తప్పు చేస్తే, మధ్యలో ఒక చీటీ తిరిగిందన్నమాట.

లెక్క ఏమిటంటే, రెండు లక్షల ఊళ్ళు దారులతో కలిసి ఉంటాయి, ఒక్కో ఊరికీ అన్నిటికన్నా దూరంగా ఉన్న ఊరేదో కనుక్కోవాలి. మా వియ్యంకుడుగారు మూడుసార్లు తప్పారు. మూడుసార్లూ మెమరీ లిమిట్. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో అంతా పట్టిక వేసుకుని నిలబెట్టుకోబోయారు. పిల్ల ఐదుసార్లు తప్పింది. ఐదుసార్లూ రన్‌టైమ్ ఎర్రర్, ఒకే పరీక్ష దగ్గర. అది ఒక ఊళ్ళోంచి పక్క ఊళ్ళోకి, అక్కణ్ణుంచి దాని పక్క ఊళ్ళోకి వెనక్కి రాకుండా దూరుకుంటూ పోయింది. ఊళ్ళన్నీ ఒకే వరసలో ఉన్న పరీక్ష వచ్చేసరికి లోపలికి పోయి పోయి కూలింది. ఈయన పడ్డ గుంటలో అది ఒక్కసారీ పడలేదు. అది పడ్డ గుంటలో ఈయన పడలేదు. చివరికి ఇద్దరూ వచ్చి చేరిన దారి మాత్రం ఒకటే. ఆయన దానికి యార్డు గీసి నేర్పిన దారి: ముందుకు దారి లేని సైడింగ్‌లోకి బోగీలు ఒక్కొక్కటే పంపి, చివర వెళ్ళినదాన్ని ముందు వెనక్కి లాగడం.

తప్పుల్లో పోలిక లేదు. ఒక్క గీత కూడా లేదు. ఎర్ర పెన్ను మూత పెట్టాను.

కానీ ఆ ఒక్క నిమిషం అలాగే ఉండిపోయింది.

గురువారం బాపట్లలో కమిటీ అంటే ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దసారు మర్యాదగానే అడిగారు. "మీరేమవుతారండి అమ్మా?"

"అమ్మమ్మని. లెక్కల లెక్చరర్ని కూడా. మీకు ఏది పనికొస్తే అది రాసుకోండి."

కాగితాలు వాళ్ళ ముందు పరిచి, తప్పుల సంగతంతా చెప్పాను. ఇద్దరు తలూపారు. చివర కూర్చున్న కుర్ర లెక్చరరు మాత్రం ఊపలేదు. స్క్వాడ్‌కి పనికొచ్చే రకం.

"తప్పుల సంగతి బానే ఉంది మేడమ్. మరి ఆ ఒక్క నిమిషం మాటేంటండి? పదకొండు లోపే ఆయన మూడు తప్పులూ అయిపోయాయి. తరవాత గంటసేపు ఏమీ పంపలేదు. అమ్మాయిది పచ్చబడగానే పంపారు."

నేను ఆ కుర్చీలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

"ఆయన రెండు వేళ్ళతో టైపు చేస్తారండి" అన్నాను.

అది అబద్ధం కాదు. జవాబూ కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ అబ్బాయికీ తెలుసు. ఏళ్ళ తరబడి ఇలాంటి జవాబులు చెప్పిన పిల్లల్ని హాల్లోంచి బయటికి పంపిన మనిషిని నేను.

పెద్దసారు, "అమ్మాయికి ఇక్కడే కొత్త లెక్క ఇద్దాం" అన్నారు. ఇచ్చారు. మా ముందే కూర్చుని రాసింది. మొదటిసారి రన్‌టైమ్ ఎర్రర్. కుర్ర లెక్చరరు నా వంక చూశాడు. పిల్ల ఎవరి వంకా చూడలేదు. కాగితం తీసుకుని, వేలు పెట్టి ఒక్కో గడీ మీదుగా జరుపుకుంటూ పోయింది. వాళ్ళ తాత చెప్పినట్టే, పట్టా వెంబడి నడక. పావుగంటకి పచ్చబడింది. దాన్ని జట్టులో ఉంచారు. బయటివాళ్ళని మాత్రం ఇకమీదట రాయనివ్వం అన్నారు. జవాబు ఎవరికీ ఎవరూ ఇవ్వలేదని నేను నమ్ముతున్నట్టు కాగితం రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

బయటివాళ్ళకి పోటీలు మూసేశారని చెబితే ఆయన, "పోన్లెండి, బండి రద్దు" అన్నారు. ఆ తరవాత ఎప్పుడు కలిసినా నేను అడుగుతూనే ఉన్నాను. క్రిస్మస్ కేకు కోస్తుండగా అడిగాను. ఆయన కంటి ఆపరేషనప్పుడు చూడటానికి వెళ్ళి, కట్టు విప్పకముందే అడిగాను.

"ఆ ఒక్క నిమిషం అన్నయ్యగారూ?"

"బండి ఆలస్యమైందండి చెల్లెమ్మగారూ."

ఇద్దరం నవ్వేవాళ్ళం. ఆయన నవ్వు నిజం నవ్వు. నాది కాదు. అబద్ధం కింద సంతకం పెట్టానేమోనన్న ముల్లు నాలో అలాగే ఉంది. ఆదరణ కూడికలో మైకు అందుకున్న నన్ను కూర్చోబెట్టింది అదే. ఆ మనిషి నిజాయితీపరుడని చెప్పాలి. చెప్పే హక్కు నాకుందో లేదో నాకే తెలియదు.

కూడిక అయ్యి, జనం వెళ్ళాక, పిల్లా నేనూ ఆయన బల్ల సర్దడానికి కూర్చున్నాం. క్యాలెండరు కాగితాలన్నీ నెలల వారీగా పురికొసతో కట్టి ఉన్నాయి. ఒక్కో పోటీకి ఒక్కో కాగితం. స్టేషన్లో ఏ బండి ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది అని రాసే రిజిస్టరులాగే గడులు గీసి, నిమిషాలతో సహా రాసుకున్నారు. నేను అడక్కుండానే నా వేళ్ళు ఆ ఆదివారం కాగితం వెతికాయి.

కుడివైపు ఆయన బండి. పదీ ఇరవై ఒకటి, పదీ ముప్పై నాలుగు, పదీ యాభై, మూడుసార్లు 'చోటు చాల్లేదు'. తరవాత పదకొండూ ఎనిమిది: 'సిద్ధం'. కింద ప్రోగ్రాము మొత్తం పెన్సిలుతో రాసి ఉంది, ఒక్క కొట్టివేత లేకుండా.

ఎడమవైపు, తెర మీద లిస్టులో చూసి రాసుకున్న పిల్ల బండి. పదకొండూ పద్నాలుగు, పట్టా తప్పింది. పదకొండూ ఇరవై ఒకటి, తప్పింది. పదకొండున్నర, తప్పింది. పదకొండూ ముప్పై ఏడు, తప్పింది. పదకొండూ నలభై ఐదు, తప్పింది. ఐదో దాని దగ్గర పెన్సిలు గట్టిగా నొక్కి కాగితం కాస్త చిరిగింది. పదకొండూ యాభై రెండు: 'దాటింది'. దాని కింద పెద్ద అక్షరాలతో 'లైన్ క్లియర్', అంటే ఇక తరవాతి బండి వదలొచ్చని.

పదకొండూ యాభై మూడు. ఆయన బండి.

"జవాబు చేతిలో పెట్టుకుని ముప్పావుగంట కూర్చున్నారా ఈయన?" అన్నాను.

పిల్ల కాగితం వదల్లేదు. "తాతయ్య ముందే పంపితే లిస్టులో పచ్చగా కనపడేది అమ్మమ్మా. ఎవరో ఒకరు చేసేశారంటే, చెయ్యగలిగిన లెక్కే అని అందరూ దాని మీద పడతారు. అప్పటికి నేనొక్కదాన్నే దాని మీద ఉన్నాను." ఆ చిరుగు మీద వేలు పెట్టి, "నేను పడటం ఐదుసార్లూ చూశారు" అంది.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదినగారు కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "ఏ ఆదివారం గురించమ్మా? ఆయన ఫోను నా సంచీలో పెట్టి పంపారే, ఆ ఆదివారమా?" అంది.

నేను తలెత్తాను. "ఫోను మీ సంచీలో పెట్టారా?"

"అవునండి. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు, తీసుకెళ్ళు అన్నారు. సరిగ్గా ప్రసంగం మధ్యలో మోగింది. చర్చంతా నా వంకే చూశారు. నా పరువు పోయింది."

"ఈ ముక్క అప్పుడెందుకు చెప్పలేదు వదినగారూ?"

"నన్నెవరు అడిగారండి?"

ఎవరూ అడగలేదు. ఆయన్ని అడిగాను, పిల్లని అడిగాను, కాగితాల్ని అడిగాను. ఆ ఇంట్లో నాకు టీ ఇచ్చిన మనిషిని మాత్రం అడగలేదు. పరీక్ష హాల్లో ముందు బెంచీలో కూర్చున్న పిల్లని వదిలేసి వెనక బెంచీలన్నీ వెతకడం లాంటిది ఇది.

ఫోను లేకపోయినా కంప్యూటరు లోంచి పంపొచ్చు కదా అని ఒక ఆలోచన వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. ఇంకొకటి కూడా వచ్చింది. మిగతా పిల్లలు ఆ లెక్క వైపు రాకుండా చూడటం కూడా మనవరాలికి ఒకరకం సాయమే కదా అని. ఆయన ఉంటే అడిగేదాన్ని. బండి ఆలస్యమైందండి అనేవారు.

ఆ కాగితం నాకు ఇమ్మన్నాను. పిల్ల ఇవ్వనంది. ఆఖరికి ఎదురింటి జిరాక్స్ షాపుకెళ్ళి, అసలుది తను ఉంచుకుని, నకలు నాకిచ్చింది. నకల్లో ఆ చిరుగు నల్లటి గీతలా పడింది.

సాయంత్రం బండికి తెనాలి బయల్దేరాను. ఊరు ఇంకా రాకముందే బయట సిగ్నలు దగ్గర బండి ఆగింది. రెండు వైపులా పొలాలు, తీగల మీద కొంగలు. అయిదు నిమిషాలైంది, పదైంది. పక్క సీట్లో చెరుకుపల్లి మనిషి ఒకావిడ ఒళ్ళో పిల్లాణ్ణి జోకొడుతూ విసుక్కుంది.

"ఎందుకాపాడంటారు పిన్నిగారూ? చెప్పడు, చావడు."

ఇంకో రోజైతే కిటికీలోంచి తల బయటపెట్టి గార్డుని నేనే కేకేసేదాన్ని.

"ఏదో బండి దాటాలమ్మా" అన్నాను.

"ఏ బండీ కనపళ్ళేదే?"

నిజమే, ఏదీ కనపళ్ళేదు. సిగ్నలు ఎర్రగానే ఉంది. సంచీలోంచి ఆ కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, మడత సరిచేసుకున్నాను. గడియారం చూడలేదు.